సౌత్ రైడింగ్, వర్జీనియా: మేయర్ లేని ఊళ్లో ఇల్లు కొనడం గురించి

కొత్తింటి_వేట:
అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీ ఎడిసన్ నుంచి వర్జీనియాకు మారుతున్నాం. మా ఆయన ఆఫీసు హెర్న్‌డన్‌లో. సౌత్ రైడింగ్‌లో ఒక టౌన్‌హోమ్ (పక్కింటితో గోడ కలిసి ఉండే వరస ఇల్లు) బాగా నచ్చింది. కానీ అడ్రస్‌లో చాంటిలీ అని ఉంది. చాంటిలీ చూస్తే ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో ఉంది, పన్ను మాత్రం లౌడన్ కౌంటీకి కట్టాలట. పైగా ఇది మునిసిపాలిటీ కాదు, మేయరూ కౌన్సిలూ ఉండరని ఏజెంట్ చెప్పాడు. ఎడిసన్‌లో ఏ పని పడ్డా టౌన్‌షిప్ ఆఫీసుకు వెళ్లేవాళ్లం. ఇక్కడ రోడ్డు మీద గుంత పడితే ఎవరికి చెప్పుకోవాలి? చెత్త ఎవరు తీస్తారు? దొంగలు పడితే ఎవరొస్తారు? అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.

రూట్50_పాతకాపు:
టెన్షన్ పడకండి అమ్మా. ఊరికి ప్రభుత్వం లేదు అంటే దిక్కు లేదు అని కాదు. ఒక్కో పని ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది, అది తెలుసుకుంటే చాలు.

ఈ ప్రాంతమంతా ఒకప్పుడు పొలాలు, పశువుల ఫారాలు. 1990ల మధ్యలో రూట్ 50 హైవేకు దక్షిణాన బిల్డర్లు ప్లాన్ గీసి ఇళ్లు కట్టడం మొదలుపెట్టారు. 2010 జనాభా లెక్కలకే 24 వేలు దాటింది. అయినా మునిసిపాలిటీ కాలేదు. మొత్తం లౌడన్ కౌంటీలో మునిసిపాలిటీ హోదా ఉన్నవి ఏడే ఏడు: లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, మిడిల్‌బర్గ్, హామిల్టన్, హిల్స్‌బరో, లవెట్స్‌విల్, రౌండ్ హిల్. ఆష్‌బర్న్ అంత పెద్దది కూడా మనలాంటిదే.

రోడ్ల సంగతి మీకు వింతగా ఉంటుంది. వర్జీనియాలో 1932లో వచ్చిన చట్టం వల్ల దాదాపు అన్ని కౌంటీల్లో రోడ్లు రాష్ట్రం చేతిలోకి వెళ్లాయి. మీ వీధిలో గుంత పడితే కౌంటీకి ఫోన్ చేసినా లాభం లేదు, రాష్ట్ర రవాణా శాఖ వీడాట్‌కే చెప్పాలి. వాళ్ల వెబ్‌సైట్‌లో కంప్లయింట్ పెడితే నంబరు ఇస్తారు, అది దాచుకోండి. మంచు పడినప్పుడు ముందు హైవేలు, పెద్ద రోడ్లు తీస్తారు, మన సందుల దాకా వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఇక టౌన్‌హోముల వెనక గ్యారేజీల సందులు చాలా వరకు అసోసియేషన్‌వి, అంటే ఇక్కడి ఇళ్ల యజమానుల సంఘానివి. అక్కడికి వీడాట్ బండి రాదు, అసోసియేషన్ పెట్టుకున్న కాంట్రాక్టరు రావాలి. కొనే ముందు మీ ఇంటి ముందు రోడ్డు ఎవరిదో, వెనక సందు ఎవరిదో అడగండి.

పోలీసులంటే కౌంటీ షెరిఫ్ ఆఫీసే. డల్లెస్ సౌత్ పబ్లిక్ సేఫ్టీ సెంటర్ సౌత్ రైడింగ్‌లోనే ఉంది, అందులోనే షెరిఫ్ స్టేషన్, ఫైర్ స్టేషన్ రెండూ. లౌడన్‌లో ఫైర్ సర్వీసు జీతగాళ్లు, వాలంటీర్లు కలిసి నడిపేది. నీళ్లు లౌడన్ వాటర్ వాళ్లవి. చెత్త కౌంటీ తీయదు, అసోసియేషన్ మాట్లాడుకున్న కంపెనీ తీస్తుంది.

పాలమూరు_పిల్ల:
అన్న చెప్పినవన్నీ కరెక్టే, ఒకటి కలుపుతాను. చాంటిలీ అనేది పోస్టాఫీసు పెట్టిన పేరు మాత్రమే. మన 20152 పిన్ చాంటిలీ పేరుతో ఉన్నా కౌంటీ లౌడన్. దీనితో అసలు చిక్కు కారు దగ్గర వస్తుంది.

ఈ రాష్ట్రంలో కారుకు కూడా ఏటా పన్ను కట్టాలి, అది కౌంటీకి పోతుంది. మేము కారు కొన్నప్పుడు డీలరు దగ్గర కాగితాల మీద చాంటిలీ అని చూసి ఫెయిర్‌ఫ్యాక్స్ అని టిక్ పెట్టారు. బిల్లు అక్కణ్నుంచి వచ్చింది. రెండు కౌంటీల మధ్య ఉత్తరాలు రాసుకుని తేల్చుకునేసరికి నెలలు పట్టింది. రిజిస్ట్రేషన్ కార్డు చేతికి రాగానే, కౌంటీ అన్న చోట ఏముందో ఒక్కసారి చూసుకోండి. లౌడన్‌లో కారు పన్ను మే 5న సగం, అక్టోబర్ 5న సగం. ఇంటి పన్ను జూన్ 5, డిసెంబర్ 5.

కొత్తింటి_వేట:
కారుకు ఏటా పన్నా! జెర్సీలో లేదండీ ఇది. మరి ఇంటి పన్ను ఎలా ఉంది?

రూట్50_పాతకాపు:
జెర్సీ నుంచి వస్తున్నారు కాబట్టి తేలిగ్గానే అనిపిస్తుంది. 2025లో ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకు 80.5 సెంట్లు. పదేళ్ల కిందట డాలరు దాటి ఉండేది. తగ్గడానికి పెద్ద కారణం ఆష్‌బర్న్ చుట్టుపక్కల డేటా సెంటర్లు. వాటిలోని కంప్యూటర్ల మీద వచ్చే పన్నుతో కౌంటీ ఖజానా నిండుతోంది. లీస్‌బర్గ్‌లో ఉంటే కౌంటీ పన్ను మీద టౌన్ పన్ను కూడా కట్టాలి. మనకు ఆ రెండోది లేదు.

కాకినాడ_కాజా:
రెండో పన్ను లేదని సంబరపడక్కర్లేదు అన్నయ్యా, దానికి బదులు అసోసియేషన్ ఫీజు ఉందిగా. పార్కు, ఈత కొలను, నడకదారులు, చెత్త అన్నీ అందులోంచే. మునిసిపాలిటీ చేయాల్సిన పని సగం అసోసియేషనే చేస్తోంది. కానీ దాని ఎన్నికలకు మనవాళ్లు ఎంతమంది వెళ్తున్నారు? ఇంటి వెనక డెక్ (చెక్క వసారా లాంటిది) కట్టాలన్నా, తలుపు రంగు మార్చాలన్నా వాళ్ల అనుమతి కావాలి. మా పక్కింటివాళ్లు అడగకుండా కంచె వేశారు. నోటీసు వచ్చింది, మొత్తం పీకి మళ్లీ వేయించారు.

చెల్లెమ్మా, కాంట్రాక్టు మీద సంతకం చేశాక అసోసియేషన్ కాగితాల కట్ట ఒకటి ఇస్తారు. అది అందాక వెనక్కి తగ్గడానికి చట్టం మామూలుగా మూడు రోజులు గడువిస్తుంది. ఆ మూడు రోజుల్లో పడుకోకుండానైనా చదవండి. ముఖ్యంగా రిజర్వు ఫండ్‌లో, అంటే పెద్ద రిపేర్ల కోసం దాచే నిధిలో, డబ్బు ఎంతుందో చూడండి. అది తక్కువుంటే రేపు రోడ్లకూ కొలనుకూ రిపేరు వచ్చినప్పుడు ఇంటింటికీ అదనంగా వడ్డిస్తారు.

నా మటుకు నాకు, ఇంత జనం ఉన్న చోటికి సొంత కౌన్సిల్ ఉండాలి. మన వీధి గురించి మన ఓటుతో వచ్చినవాడు మాట్లాడాలి.

రూట్50_పాతకాపు:
అక్కడే నేను ఒప్పుకోను తమ్ముడూ. కౌన్సిల్ వచ్చినా బడులు కౌంటీవే, పెద్ద రోడ్లు రాష్ట్రానివే. మన మాట వినాల్సింది లీస్‌బర్గ్‌లో కూర్చునే కౌంటీ బోర్డు. తొమ్మిది మంది సభ్యులు: చైర్మన్‌కు కౌంటీ అంతా ఓటేస్తుంది, మిగతా ఎనిమిది మంది కౌంటీలోని ఒక్కో ఎన్నికల జిల్లా నుంచి. మొన్న 2023లో ఎన్నికలు, మళ్లీ 2027లో. పౌరసత్వం ఉన్నవాళ్లు ప్రెసిడెంట్ ఎన్నికకు పరుగెత్తి, దీనికి మాత్రం ఇంట్లో కూర్చుంటున్నారు. మన పక్కన ఏం కట్టాలో తేల్చేది ఆ బోర్డే. ఓటు లేనివాళ్లు కూడా సభకు వెళ్లి మైకు ముందు మాట్లాడొచ్చు. నేను గ్రీన్ కార్డు మీదున్నప్పుడే వెళ్లి మాట్లాడాను.

బడి_బస్సు_అమ్మ:
పిల్లలున్నవాళ్లు స్కూలు సంగతి గట్టిగా చూసుకోవాలి. ఫ్రీడమ్ హైస్కూలు 2005లో వచ్చింది. తర్వాత ఇళ్లు పెరిగిన కొద్దీ పక్కన జాన్ చాంప్, లైట్‌రిడ్జ్ కట్టారు. కొత్త బడి తెరిచినప్పుడల్లా సరిహద్దులు మళ్లీ గీస్తారు. ఇల్లు అమ్మకానికి పెట్టిన ప్రకటనలో ఫలానా స్కూలు అని రాసి ఉన్నా నమ్మకండి, స్కూలు బోర్డు సైట్‌లో మీ ఇంటి నంబరు కొట్టి చూడండి. మా పాప స్నేహితురాలు అదే ఇంట్లో ఉంటూనే ఎలిమెంటరీ స్కూలు మారాల్సి వచ్చింది. ఆ పిల్ల ఎంత ఏడ్చిందో.

సైన్సు చదువుకు పేరున్న థామస్ జెఫర్సన్ హైస్కూలు ఫెయిర్‌ఫ్యాక్స్‌లో ఉన్నా లౌడన్ పిల్లలూ అప్లై చేయొచ్చు. లీస్‌బర్గ్‌లో అలాంటిదే అకాడమీస్ ఆఫ్ లౌడన్ కూడా ఉంది, 2018లో తెరిచారు. రెండింటికీ పోటీ ఎక్కువే.

కొత్తింటి_వేట:
అందరికీ చాలా చాలా థాంక్స్. వచ్చే శనివారం ఇల్లు చూడ్డానికి వస్తున్నాం. ఇంకేమైనా చూడాలా? గుడి, ఆసుపత్రి దగ్గరేనా?

పాలమూరు_పిల్ల:
రాజధాని మందిర్ చాంటిలీలో ఉంది, చాలా దగ్గర. మేరీల్యాండ్ లాన్‌హమ్‌లోని శివ విష్ణు ఆలయానికి మాత్రం పూట కేటాయించుకోవాలి. ఆసుపత్రి అంటే స్టోన్‌స్ప్రింగ్స్, 2015లో వచ్చింది. రూట్ 50 మీద కొంచెం పడమరకు వెళ్తే చాలు.

కాకినాడ_కాజా:
శనివారం వద్దు, మామూలు రోజున రండి. పొద్దున ఎనిమిదికి ఆ ఇంటి నుంచి హెర్న్‌డన్ దాకా మీ ఆయన్ను డ్రైవ్ చేయమనండి. రూట్ 50 మీద ఎక్కడ ఆగుతారో అప్పుడే తెలుస్తుంది. సిల్వర్ లైన్ మెట్రో రైలును 2022 నవంబర్‌లో ఇటు పొడిగించారు కానీ మెట్రో స్టేషన్ మన ఊళ్లో లేదు. ఇన్నోవేషన్ సెంటర్ స్టేషన్ దాకా కారులోనే వెళ్లాలి. సాయంత్రం మళ్లీ వచ్చి వెనక డెక్ మీద అరగంట నిలబడండి. డల్లెస్ ఎయిర్‌పోర్టు మనకు ఉత్తరాన పక్కనే. ఒక వీధిలో విమానాల మోత బాగా వినబడుతుంది, పక్క వీధిలో అంత ఉండదు. ఇంటి నంబరు కాకుండా వీధి పేరు మాత్రం ఇక్కడ పెట్టండి, ఆ వైపు ఉండేవాళ్లు ఎవరైనా చెబుతారు.