బాకీ అడిగే మెయిల్ ఎలా రాయాలి? మూడు పంపినా ఉలుకూ పలుకూ లేదు

తాడిపత్రి_పాప:

అందరికీ నమస్తే. మాది తాడిపత్రి. మా చిన్నాయనకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. బీకాం అయిపోయినాక ఏడాదిగా ఆఫీసు పని నేనే చూస్తున్నా, అంటే బిల్లులు కొట్టడం, లారీలకు ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకు కావాల్సిన జీఎస్టీ కాగితాలు) తీయడం, మెయిళ్ళు పంపడం. ఆగస్టు 12న హైదరాబాదులో ఒక బిల్డర్‌కు ఒక లోడు నల్ల బండలు పంపాం. బిల్లు 1,86,400. అడ్వాన్సు 50,000 ముందే ఇచ్చారు, మిగతాది 30 రోజుల్లో ఇస్తామని వాళ్ళ ఆర్డర్ కాగితం మీదే ఉంది. ఈరోజు అక్టోబరు 17. ఇంకో పైసా రాలేదు.

మూడు మెయిళ్ళు పంపా. మొదటిది ఇది. పంపింది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో పెడుతున్నా:

"విషయం: గౌరవపూర్వక విన్నపం. గౌరవనీయులైన సార్, మీరు, మీ కుటుంబ సభ్యులు క్షేమమని తలుస్తాను. మేము ఎన్నో ఏళ్ళుగా నాణ్యమైన బండలు సరఫరా చేస్తున్న సంగతి తమకు విదితమే. మాకు రావలసిన మొత్తం విషయం తమరు దయతో పరిశీలించి తగు చర్య తీసుకోవలసిందిగా వేడుకుంటున్నాను. ఇట్లు తమ విధేయురాలు."

రెండోది దీన్నే ఫార్వర్డ్ చేసి పైన "రిమైండర్" అని పెట్టా. మూడోదే కొంప ముంచింది. ఆ రోజు శనివారం, కూలీలకు బట్వాడా ఇవ్వాలి, చేతిలో డబ్బుల్లేక చిన్నాయన నా మీద కేకలేశాడు, ఆ కోపంలో రాత్రి పదిన్నరకు "సరుకు దించుకునేటప్పుడు ఉన్న తొందర డబ్బులిచ్చేటప్పుడు లేదా" అని రాసి, వాళ్ళ ఎండీని కూడా సీసీలో పెట్టి కొట్టేశా. పొద్దున్నే వాళ్ళ పర్చేజ్ ఆయన చిన్నాయనకు ఫోన్ చేసి "మీ పాప మమ్మల్ని దొంగల్ని చేసి రాసిందే" అన్నాడంట. ఇప్పుడు చిన్నాయన అసలు మెయిలే వద్దంటున్నాడు. వాళ్ళు మాకు పాత పార్టీ, పోగొట్టుకోలేం. నాలుగోది ఎట్ల రాయాలి? నిజంగా టెన్షన్‌గా ఉంది.

లెక్కల_అక్క:

పాపా, నేను అవతలి కుర్చీలో కూర్చునే మనిషిని. మాది కర్నూలు, పదేళ్ళుగా హైదరాబాదులో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ అకౌంట్స్‌లో బిల్లులు పాస్ చేసే పని. నీ మొదటి మెయిల్ నాకొచ్చి ఉంటే ఏం చేసేదాన్నో దాచుకోకుండా చెప్తా. తెరిచి, క్షేమసమాచారం దాకా చదివి, తర్వాత చూద్దాంలే అని మూసేసేదాన్ని. మూడోది కాదు, మొదటిదే నిన్ను ముంచింది. బిల్లు నంబరు లేదు, తేదీ లేదు, ఎంత రావాలో లేదు, ఎప్పటికి రావాలో లేదు. అవన్నీ నేనే వెతుక్కోవాలి. బండెడు గౌరవమిచ్చి, దాంతో పాటే నీ పని నా నెత్తిన పెట్టావు.

విషయం దగ్గరే సగం పని అయిపోవాలి. రేపు మా సారు "ఆ తాడిపత్రి వాళ్ళ సంగతేంది" అంటే నేను మెయిల్‌లో కొట్టి వెతికేది మీ ఫ్యాక్టరీ పేరో బిల్లు నంబరో. "గౌరవపూర్వక విన్నపం" అని ఎవరు వెతుకుతారు? ఆ పేరుతో నాకు సెలవు చీటీలు కూడా వస్తాయి.

ఇంకోటి, బిల్లు ఆగిన ప్రతిసారీ ఎగ్గొట్టాలని కాదు. బిల్లు మీద ఆర్డర్ నంబరు తప్పు పడి ఉంటుంది, లేదా సరుకు ముట్టిందని సైట్‌లో సంతకం చేసిన చలానా మా దాకా వచ్చి ఉండదు. లేదంటే మీరు జీఎస్టీ రిటర్నులో ఆ బిల్లు ఎక్కించి ఉండరు, ఎక్కించకపోతే ఆ ట్యాక్సు క్రెడిట్, అంటే మీ బిల్లులోని జీఎస్టీని మేం కట్టే పన్నులోంచి తగ్గించుకునే వీలు, మాకు రాదు కాబట్టి పక్కన పెడతాం. మరి మీకు చెప్పొచ్చు కదా అంటే, నిజమే, చెప్పం. మా తప్పే. అందుకని నువ్వే అడగాలి. నేనైతే ఇట్ల రాస్తా:

"విషయం: బిల్లు నం. 214, ఆగస్టు 12, బాకీ రూ. 1,36,400. నమస్తే సార్. పై బిల్లు 1,86,400లో అడ్వాన్సు 50,000 పోను 1,36,400 మాకింకా అందలేదు. మీ ఆర్డర్ ప్రకారం గడువు సెప్టెంబరు 11. బిల్లు, చలానా, ఆర్డర్ కాపీ జతచేశాను. మా వైపు నుంచి ఏ కాగితమైనా తక్కువైతే చెప్పండి, అదే రోజు పంపుతాను. అన్నీ సరిగా ఉంటే ఏ తేదీకి పంపుతారో 22వ తేదీ బుధవారం లోపు తెలపగలరు. పోయిన మెయిల్‌లో నా మాట తొందరపడింది, మన్నించండి."

అంతే. కూలీల బట్వాడా కథ రాయొద్దు. సోమవారం దీపావళి, ఆ రోజు ఎవరూ చూడరు కాబట్టి బుధవారం అన్నా. ఎండీని సీసీలోంచి తీసెయ్. 214 అనేది నేను ఊరికే వేసింది, మీ నంబరు పెట్టుకో, ఎందుకు చెప్తున్నానంటే నమూనా మెయిల్ నమూనాగానే వచ్చినవి కూడా చూశా. "మీ కంపెనీ పేరు ఇక్కడ రాయండి" అని.

గుత్తి_రోడ్డు:

ఇంత రాత అవసరమా అక్కా. రాత్రికి బస్సెక్కి పోయి వాళ్ళ ఆఫీసులో కూర్చుంటే వాళ్ళే ఇస్తారు. ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడితే పోయేదానికి.

లెక్కల_అక్క:

వచ్చి కూర్చోండి అన్నా, కాఫీ కూడా ఇస్తాం. తాగినాక "బిల్లు నంబరెంత" అనే అడుగుతాం. ఫోన్ చేయొద్దని కాదు, ఫోన్ చేసినాక "ఇప్పుడు మనం అనుకున్నట్టు 25న 1,36,400 పంపుతారు" అని రెండు లైన్లు మెయిల్ కొట్టాలి. నాతో ఫోన్‌లో మాట్లాడిన మనిషి ఆ సాయంత్రానికే నాకు గుర్తుండడు.

కడప_పాత_బ్యాంకు:

నేను కడపలో బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను, జాబులు చదవడంలోనే సగం జీవితం పోయింది. అమ్మాయి రాసిన మొదటి జాబును అక్క మరీ తీసిపారేసింది గానీ, ఆ భాష ఎక్కడిదో నాకు తెలుసు. అది అర్జీ భాష. కలెక్టరాఫీసులో పెన్షన్ కోసమో, పట్టా కోసమో పెట్టుకునే అర్జీ. బడిలో మనకు నేర్పింది అదొక్కటే, కాబట్టి ఎవరికి ఏం రాసినా అదే వస్తుంది. సరుకిచ్చిన మనిషి తన డబ్బు తాను అడుగుతూ "వేడుకుంటున్నాను" అనడమేమిటమ్మా? చదివేవాడికి కూడా ఇదేదో తన దయ మీద ఆధారపడిన సంగతి, ఇవ్వకపోయినా ఫరవాలేదు అనిపిస్తుంది.

మర్యాదంతా క్రియలో ఉంటుంది తెలుగులో. "మీరు డబ్బు పంపలేదు" అంటే వేలు చూపించినట్టు. "డబ్బు మాకింకా చేరలేదు" అంటే అదే నిజం, వేలు లేదు. దారిలో ఎక్కడైనా ఆగి ఉండొచ్చు అని ఆయనకొక సందు వదిలిపెట్టినట్టు. అక్క "అందలేదు" అని రాసింది చూడు, అది అలవాటు మీద వచ్చిన మాట. అలాగే "తెలపండి" అంటే చెప్పినట్టు, "తెలపగలరు" అంటే అడిగినట్టు. కానీ ప్రతి లైనుకూ "గలరు" పెడితే గుడి మైకులో ప్రకటన లాగా ఉంటుంది, జాబుకు ఒక్కటి చాలు. తప్పు మనదైతే మాత్రం దీన్ని తిప్పేయాలి. "పొరపాటు జరిగింది" కాదు, "నేను పొరపాటు చేశాను". మా మేనేజరొకాయన ఈ రెండూ సరిగ్గా తలకిందులుగా రాసేవాడు, తన తప్పులన్నీ వాటంతటవే జరిగేవి, కస్టమర్ తప్పులన్నీ కస్టమరే చేసేవాడు. ఆయన జాబు వెళ్ళిన మర్నాడు కౌంటర్ దగ్గర గొడవే.

అనంత_ట్యాక్స్:

రాత సంగతి పెద్దలు చెప్పారు, నేను చట్టం ముక్క చెప్తా. మీది చిన్న యూనిట్ కదా, సరుకు పంపేనాటికే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉందా? ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం మీ వైపు ఉంది. రాతలో ఒప్పందం ఉంటే ఆ గడువులోపు, అది కూడా 45 రోజులు దాటకుండా, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. పైగా గడువులో కట్టకపోతే ఆ ఖర్చును వాళ్ళు ఇన్‌కంట్యాక్స్‌లో ఆ ఏడాదికి చూపుకోలేకపోవచ్చు, అందుకే మార్చి వచ్చేసరికి అందరికీ చిన్న సప్లయర్లు గుర్తొస్తారు.

ఒక షరతు. సరుకు ముట్టిన 15 రోజుల్లోపు వాళ్ళు రాతలో ఏదైనా అభ్యంతరం చెప్పి ఉంటే గడువు లెక్క సరుకు ముట్టిన రోజు నుంచి కాదు, అభ్యంతరం తీర్చిన రోజు నుంచి. కాబట్టి ముందు అది కనుక్కోండి. ఇదంతా నాలుగో మెయిల్‌లో రాయొద్దు, ఉద్యమ్ నంబరు మాత్రం సంతకం కింద చిన్నగా పెట్టండి. తెలిసినవాడికి అది చాలు.

అన్నట్టు జీమెయిల్ సెట్టింగ్స్‌లో పంపిన మెయిల్‌ను 30 సెకన్ల దాకా వెనక్కి తీసుకునే వీలుంది. రాత్రి పదిన్నర మెయిళ్ళకు అది పెట్టుకోండి.

తాడిపత్రి_పాప:

అందరికీ థ్యాంక్స్. అక్క చెప్పినట్టే 18న పంపా, మన్నించండి లైనుతో సహా. "పొరపాటు జరిగింది" అని రాయబోయి కడప పెద్దాయన గుర్తొచ్చి మార్చా. చలానా జతచేద్దామని చూస్తే సంతకం చేసిన కాపీ ఆఫీసులో లేదు, డ్రైవర్ అన్నను అడిగితే లారీలో సీటు కిందే ఉందంట, ఇంటికి పోయి ఫొటో తీసి పంపాడు. ముందు వైపు మాత్రమే. నేనూ అదే పెట్టి పంపా.

మంగళవారం జవాబొచ్చింది. చాలా మర్యాదగానే ఉంది. దించేటప్పుడు 11 బండలు విరిగి ఉన్నాయని చలానా వెనకాల రాసి సంతకం పెట్టించామని, వాటికి క్రెడిట్ నోట్ (ఆ మేరకు బిల్లు తగ్గించామని మేమిచ్చే కాగితం) వస్తే మిగతాది 30వ తేదీకి వేస్తామని. డ్రైవర్ అన్నతో వెనక వైపు ఫొటో తెప్పిస్తే నిజంగానే ఉంది, బాల్‌పెన్నుతో, తేదీ ఆగస్టు 13. చిన్నాయనకు చూపిస్తే "ఆ, అప్పుడేదో అన్నారు" అన్నాడు! రెండు నెలలుగా నాకు చెప్పలేదు.

అంటే ఇది రాతలో అభ్యంతరం కిందికే వస్తుంది కదా అనంత గారూ? ఇప్పుడు కొత్త తంటా ఏమంటే, విరిగింది 11 కాదు తొమ్మిదేనని చిన్నాయన పట్టు. ఆ రెండు బండల కోసం మళ్ళీ గొడవ పెట్టుకోవడం నాకిష్టం లేదు, అట్లని ఆయన మాట కాదని క్రెడిట్ నోట్ ఇవ్వలేను. దీనికేం రాయాలి?