వాల్పారైలో పిట్టల లెక్క జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి. ఏది నమ్మాల?

ప్రొద్దుటూరు_పిట్ట:
నమస్తే అన్నలూ. మాది ప్రొద్దుటూరు, ఎమ్మెస్సీ జువాలజీ. ప్రాజెక్టు కోసం జనవరిలో తమిళనాడులోని వాల్పారై పోయినాం, ఆనైమలై కొండల్లో టీ తోటల మధ్య వర్షారణ్యం ముక్కలు ముక్కలుగా మిగిలింది చూడండి, ఆడికి. తోట అంచున లాంటానా పొదల్లో ఒకటే పిట్టలు, లోపల మంచి అడవిలో కన్నా ఎక్కువ. జూలైలో పోయిన సీనియర్లకేమో అదే అంచున పెద్దగా ఏం దొరకలేదంట. ఇప్పుడు నరికిన అడవే పక్షులకు మేలని రాసేయాల్నా?

అనంత_బైనాక్యులర్:
అట్ల మాత్రం రాయొద్దు తమ్ముడూ. నువ్వు చూసినవాట్లో సొంతూరివి ఎన్ని, చుట్టపుచూపుగా వచ్చినవి ఎన్ని? గ్రీనిష్ వార్బ్లర్, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ లాంటివి సెప్టెంబర్, అక్టోబర్‌లో దిగి మార్చి, ఏప్రిల్ కల్లా ఉత్తరానికి పోతాయి, వాటికి పొద, పురుగు ఉంటే చాలు, గూడు పెట్టుకునేది ఈడ కాదు కదా. అదే గ్రేట్ హార్న్‌బిల్‌ను చూడు. ఎండాకాలం మొదలయ్యే టైంకి ఆడది పెద్ద చెట్టు తొర్రలోకి దూరి, వాకిలి మూసేసుకొని సన్న సందు ఒకటి వదులుతుంది, మగది గొంతులో మర్రి జాతి పండ్లు నింపుకొచ్చి ఒక్కొక్కటే పైకి కక్కి ఆ సందులోంచి అందిస్తుంది, నెలల తరబడి ఇదే పని. మిగతా కాలంలో తోటల మీద ఎగురుతా కనపడొచ్చు, కానీ లావు చెట్లు కొట్టేసినాక ఆ నెలల్లో తొర్రకు యాడికి పోవాల?

కర్నూలోడు:
మా నల్లమలలో కూడా ఇంతేలే బ్రో. మార్చిలో ఆకు రాలి మోదుగ పూసిందంటే గోరింకలు, తేనెపిట్టలు మొత్తం ఆ చెట్ల మీదే. అప్పుడు లెక్కేస్తే అబ్బో అనిపిస్తుంది 😄

సీమ_వనం:
కర్నూలన్నా, నల్లమల ఆకురాల్చే అడవి, దానికి ఎండ అలవాటే. వర్షారణ్యం నేలకు అట్ల కాదు, పైన కొమ్మలు కలిసున్నన్నాళ్లు ఎండాకాలంలో కూడా కింద చెమ్మ ఉంటుంది, చెట్లు కొట్టి పైకప్పు తెరిస్తే రాలిన ఆకు గలగలా ఎండుతుంది, దాని కింది పురుగు తగ్గుతుంది, నేల మీద ఏరుకొని తినే పిట్టలు వంకల పక్కకు జరుగుతాయి. అమెజాన్‌లో మనౌస్ దగ్గర 1979 నుంచి అడవి ముక్కల మీద పరిశోధన నడుస్తా ఉంది, అక్కడ చిన్న ముక్కల్లో దెబ్బ తిన్నవి ముఖ్యంగా ఈ కింది అంతస్తు పురుగుతిండి పిట్టలే. అందుకే నా మటుకు ఎండాకాలం లెక్క లేని రిపోర్టు సగం రిపోర్టు.
జూలై సంగతంటావా, ఆ వానలో, మబ్బులో పిట్ట పక్కనే ఉన్నా కూత వినపడదు. దొరకలేదంటే లేదని కాదు. ఇంకోటి, మిస్ట్ నెట్ (పిట్టల్ని పట్టే సన్న వల) వేస్తే కింద తిరిగేవే పడతాయి, కొమ్మల పైన ఉండేవి లెక్కలోకే రావు.

ప్రొద్దుటూరు_పిట్ట:
సరే అన్నా, వలసవి పక్కన పెట్టి మళ్లీ లెక్కేస్తా, ఏప్రిల్‌లో అవే స్పాట్లకు పోయొస్తాం. అప్పుడు జలగలు ఉంటాయా?

అనంత_బైనాక్యులర్:
తక్కువే, కానీ ఒక వాన పడితే చాలు లేస్తాయి. పొడుగు సాక్సులు పెట్టుకో.