ఎంపీ సభలో ఉక్కు గురించి మాట్లాడితే మనకేంటి?

అగనంపూడి అబ్బాయి (చర్చ మొదలు)

మా వాట్సాప్ గ్రూపులో ఎవరో పాత పేపర్ కటింగ్ పెట్టారు. 2021 మార్చి 8న అప్పటి విశాఖ ఎంపీ ఎం.వి.వి. సత్యనారాయణ అడిగిన ప్రశ్నకి ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభలో ఇచ్చిన జవాబు అది. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో రాష్ట్రానికి వాటా లేదు, వంద శాతం అమ్మేస్తాం, అవసరమైనప్పుడు రాష్ట్రాన్ని సంప్రదిస్తాం. ఇదీ సారాంశం. ఆ రాత్రి కూర్మన్నపాలెం జంక్షన్‌లో జనం హైవే మీద కూర్చుండిపోయారు. నేనూ ఉన్నాను. బి షిఫ్ట్ దిగినవాళ్లు టిఫిన్ క్యారేజీలతో నేరుగా అక్కడికే వచ్చేశారు.

గ్రూపులో ఒకాయన, “అడిగి ఏం పీకాడు? అడక్కపోయుంటే ఆ జవాబూ వచ్చేది కాదు” అన్నాడు. ఇంకొకాయన, “అడగబట్టే కదా అసలు సంగతి బయటపడింది” అన్నాడు. రాత్రి పన్నెండున్నర దాకా ఇదే గొడవ. అడ్మిన్ గ్రూపు లాక్ చేసేశాడు, అందుకే ఇక్కడికి తెచ్చాను.

మన ఊరి పరిశ్రమ మునుగుతుంటే ఎంపీయో ఎమ్మెల్యేయో సభలో లేచి మాట్లాడటం వల్ల ఒరిగేదేమైనా ఉందా? నా మటుకు నాకు ఉందనే అనిపిస్తుంది. కాకపోతే మనవాళ్లు “ఉక్కు మా హక్కు” అన్నంత గట్టిగా “మా ప్లాంటుకి సొంత ఇనుప గని ఎక్కడ?” అని అడగలేదు.

కంచరపాలెం కామేశు

తమ్ముడూ, నీకు ఓపిక ఎక్కువ. నేను చూసింది చెప్తా విను.

2021 ఫిబ్రవరిలో గంటా శ్రీనివాసరావు ఎమ్మెల్యే పదవికి రాజీనామా ఇచ్చారు, ఉక్కు కోసమే అని. ఆ కాగితం స్పీకర్ దగ్గర దాదాపు మూడేళ్లు పడుకుంది. 2024 జనవరిలో రాజ్యసభ ఎన్నికలు దగ్గర పడ్డాక ఉన్నట్టుండి ఆమోదించారు. త్యాగం ఒకరిది, దాన్ని వాడుకున్నది ఇంకొకరు, మధ్యలో ఉక్కు ఎక్కడుంది? అదే 2021 ఫిబ్రవరిలో విజయసాయిరెడ్డి పాదయాత్ర చేశారు, పల్లా శ్రీనివాసరావు నిరాహార దీక్ష చేశారు. మే 20న అసెంబ్లీ అమ్మొద్దని తీర్మానం చేసింది. బావుంది. ఆ తీర్మానం ఢిల్లీలో ఏ బీరువాలో ఉందో?

డబ్బు ఎప్పుడొచ్చింది మరి? 2025 జనవరి 17న, కేంద్రం ప్లాంటుకి ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ. గొంతు పెరిగి వచ్చిందా? గొంతులు 2021లోనూ అవే. మారింది లెక్క. 2024లో టీడీపీకి 16 మంది ఎంపీలు వచ్చారు, ఢిల్లీలో ప్రభుత్వం నిలబడటానికి వాళ్లు కావాలి. అంతకుముందు వైసీపీకి 22 మంది ఉన్నా వాళ్ల అవసరం ఢిల్లీకి లేదు. ప్రసంగాలకి చప్పట్లు వస్తాయి. పని జరిగేది అంకెలతోనే.

సి షిఫ్ట్ రిటైర్డ్

కామేశు బాబూ, నువ్వన్నదాంట్లో తప్పు లేదు గానీ, కథ 2021 నుంచి మొదలెట్టీసినావు. నేను కోక్ ఓవెన్స్‌లో, అంటే బొగ్గుని కోక్‌గా మార్చే పొయ్యిల దగ్గర, ముప్పై ఏళ్లు చేసినవాణ్ని. నేనో మాట చెప్తాను.

1966లో అమృతరావు గారు ఉక్కు ప్లాంటు కోసం నిరాహార దీక్షకి కూర్చున్నప్పుడు గానీ, రాష్ట్రమంతా కాల్పుల్లో 32 మంది పోయినప్పుడు గానీ, ఢిల్లీకి మన అవసరమేటుందని? తెన్నేటి విశ్వనాథం గారి లాంటోళ్లు లోపలా బయటా ఒకటే మాట మీద నిలబడ్డారు. ఎమ్మెల్యేలూ ఎంపీలూ రాజీనామాలు మొహాన కొట్టీసినారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ గారు బాలచెరువు దగ్గర శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఏటయిందో తెలుసు కదా? రాయి అలగే ఉండిపోయింది. కంపెనీ పుట్టింది 1982లో, ప్లాంటుని జాతికి అంకితం చేసింది పి.వి. గారు 1992లో. రాయికీ ప్లాంటుకీ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు! ఆ ఇరవై ఏళ్లూ ప్రతి బడ్జెట్‌లో “మా ఉక్కుకి ఎంతిచ్చారు” అని అడిగే నోరు లేకపోతే ఆ రాయి మీద గడ్డి మొలిచీసును.

ఇంకోటి. బయటోళ్లకి ప్లాంటంటే స్విచ్చేస్తే నడిచేది, తీస్తే ఆగేది అనుకుంటారు. కోక్ ఓవెన్ బ్యాటరీ, అంటే ఆ పొయ్యిల వరస, అలగ కాదు. లోపల ఇటుక గోడ వెయ్యి డిగ్రీల పైన ఉంటాది. బొగ్గు లేదని చల్లారనిచ్చీసినావంటే ఇటుక పగుల్తాది, మళ్లీ అదే బ్యాటరీ నీకు దొరకదు. 2024 ఏప్రిల్‌లో గంగవరం పోర్టులో సమ్మె వచ్చి మన బొగ్గు అక్కడే ఇరుక్కుపోయింది గుర్తుందా? అలాంటప్పుడు ఒక్కో ఓవెన్ నుంచి కోక్ తోసే టైము పెంచుకుంటూ, వేడి మాత్రం పడకుండా, పసిబిడ్డని కాచినట్టు కాచుకోవాలి. సభలో మాట్లాడేవాడు ఈ ముక్క చెప్పాలి: “అయ్యా, దీనికి ఆలస్యం కుదరదు, నెల దాటితే ఇనుము కాదు, ఇటుకలే మిగుల్తాయి” అని. ఆత్మగౌరవం గురించి అందరూ చెప్తారు. ఇటుక గురించి చెప్పినోణ్ని నేను చూడలేదు.

లెక్కల మాస్టారు

రిటైర్డ్ గారికి నమస్కారం. ఇటుక మాట బాగా పట్టించారు. అయితే అబ్బాయి గారి “గని” సిద్ధాంతం మీద నాకు పేచీ ఉంది.

టన్ను ఉక్కుకి సుమారు టన్నున్నర పైచిలుకు ఖనిజం కావాలి. ప్లాంటు పూర్తి సామర్థ్యం 73 లక్షల టన్నులు, అంటే ఏడాదికి కోటీ పది పదిహేను లక్షల టన్నుల ఖనిజం. సొంత గని ఉండి టన్నుకి వెయ్యి రూపాయలు మిగిలాయనే అనుకుందాం, 1,100 కోట్లు. తక్కువేం కాదు. కానీ 2023-24లో నష్టం 4,848 కోట్లు! గని ఒక్కటే ఈ గుంతని పూడ్చదు. 2024 సెప్టెంబరులో ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో వెలిగింది ఒక్కటి. మూడింటికి సరిపడా జీతాలు, వడ్డీలు, కరెంటు, ఒకదాని ఉత్పత్తి. ఏ కొట్టువాడైనా మూడు షట్టర్ల అద్దె కడుతూ ఒక్కటే తెరిస్తే ఏమవుతాడు?

ఇంకా చేదు నిజం, గని అసలు కొనలేదని కాదు. 2011లో ఈస్టర్న్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే కంపెనీలో 51 శాతం వాటా 361 కోట్లకి కొన్నారు. దాని కింద ఒడిశాలో ఇనుప గనులున్న ఓఎండీసీ ఉంది. “ఇక మనకి సొంత ఖనిజం” అని అప్పట్లో సంబరం. కొన్న నాటికే ఆ గనుల లీజులు చిక్కుల్లో ఉన్నాయి, తవ్వకం ఆగిపోయి ఉంది. పెళ్లికూతుర్ని చూడకుండా పెళ్లి చేసుకున్నట్టయింది. దాని మీద సభలో గట్టిగా నిలదీసిన మన ఎంపీ ఎవరైనా ఉంటే చెప్పండి, తల వంచుతాను.

బయ్యారం భాయ్

మీ గొడవ సదువుతున్న. ఒక్క మాట చెప్పి పోత.

మీకు ప్లాంటు ఉండి గని లేదు, మాకు గుట్టల ఖనిజం ఉండి ప్లాంటే లేదు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్‌ల రాసిండ్రు: ఖమ్మంల, కడపల ఉక్కు ఫ్యాక్టరీ పెట్టొచ్చా లేదా కేంద్రం ఉక్కు కంపెనీ సెయిల్ ఆరు నెలల్ల చూడాలె అని. ఆరు నెలలు ఎన్నడో పోయినయ్. మా ఎంపీలు కూడ మస్తు మాట్లాడిండ్రు. అయితే చట్టంల “చూడాలె” అనే ఉంది, “పెట్టాలె” అని లేదు. ఆ ఒక్క మాట రాసే రోజు సభల నిలబడి మార్పిచ్చినోడు లేడు. మాట్లాడేటోడు కావాలె గని, బిల్లు సదివేటోడు ఇంకా కావాలె.

ఇంకోటి, మీ ప్లాంటుల ఉక్కు తయారీకి వాడే డోలమైట్ రాయి పోయేది మా మాధారం నుంచే. గది యాది పెట్టుకోండ్రి.

కడప కొండయ్య

13వ షెడ్యూల్ ఎత్తినారు కాబట్టి మా పేరూ రాసుకోండప్పా. 2007లో ఒక రాయి, 2018లో ఒక రాయి, 2019లో ఒక రాయి, 2023లో ఇంకో రాయి. 2018లో ఒక ఎంపీ పదకొండు దినాలు నిరాహార దీక్ష గూడా చేసె. ఉక్కు రాల్యా గానీ, రాళ్లకు మాత్రం కరువు ల్యా మాకు.

డల్లాస్ దత్తు

సెంటిమెంట్ పక్కన పెడదాం. ప్యాకేజీ డబ్బు అంటే పన్ను కట్టేవాళ్ల డబ్బు. 2024 మార్చి నాటికి ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలే 26 వేల కోట్ల పైన. నష్టాల్లో ఉన్న కంపెనీ కోసం ఎంపీ మాట్లాడటం సేవ కాదు, మిగతా రాష్ట్రాల వాళ్ల జేబులో చెయ్యి పెట్టడం. పక్కనే నక్కపల్లిలో ఆర్సెలార్ మిత్తల్ నిప్పన్ స్టీల్ ప్లాంటు వస్తోంది. ఉద్యోగాలు అక్కడ వస్తాయి. దీన్ని అమ్మేయండి.

అగనంపూడి అబ్బాయి

దత్తు గారూ, మీరన్నది వినడానికి నీట్‌గా ఉంది. కానీ ఇదే ప్లాంటు 2021-22లో 913 కోట్ల లాభం చూపించింది. రేటు బావుండి, ఫర్నేసులు వెలిగితే నడుస్తుంది. పైగా మీరనే ‘జేబు’ రెండు వైపులా ఉంది. ఇక్కడి డబ్బు పెట్టి రాయ్‌బరేలీలో రైలు చక్రాల ఫ్యాక్టరీ కట్టించారు. అది ఎవరి ఊరికి, ఎవరి జేబు నుంచి? ఉక్కు ప్లాంటుని అప్పుల్లో ముంచి, అప్పుల్లో ఉంది కాబట్టి అమ్మమంటే ఎలా?

మాస్టారూ, మీ లెక్క ఒప్పుకుంటాను. గని ఒక్కటే గట్టెక్కించదు. నేను గని గురించి ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఎంపీ అడిగితే మంత్రి “నా చేతిలో లేదు” అనలేని విషయం అదొక్కటే. బొగ్గు ధర ఆస్ట్రేలియాలో తేలుతుంది, ఉక్కు రేటు చైనాలో తేలుతుంది. గని మన చట్టంలోనే ఉంది. గనుల చట్టం 17ఎ సెక్షన్ కింద ఖనిజం ఉన్న ప్రాంతాన్ని ప్రభుత్వ కంపెనీకి వేలం లేకుండానే కేటాయించి పెట్టొచ్చు. ప్రైవేటువాడికి ఆ దారి లేదు, వేలంలోకి దిగాల్సిందే. అంటే ప్లాంటు ప్రభుత్వ చేతిలో ఉన్నన్నాళ్లే మనకి ఈ తలుపు. అమ్మేస్తే మూసుకుపోతుంది. 2021 జనవరి 27న కేబినెట్ కమిటీ అమ్మాలని నిర్ణయించినప్పుడు, ఈ తలుపు సంగతి ఏమైందని ఒక్కరంటే ఒక్కరు అడిగితే బావుండేది.

మా నాన్నకి ఆర్ కార్డు మీదే, అంటే ప్లాంటు కోసం భూమి పోయిన నిర్వాసితులకి ఇచ్చిన కార్డు మీదే, ఉద్యోగం వచ్చింది. భూమి పోయిన ఊళ్లు అరవై పైనే, కార్డు చేతిలో ఉండి పిలుపు రానివాళ్లు వేలల్లో. మా ఇంట్లో ఆ కార్డు ఇప్పటికీ బీరువాలో పెళ్లి పట్టుచీర మడతలో ఉంది. పని అయిపోయిన కార్డు ఎందుకే అంటే, “భూమి కాగితం పోయాక మిగిలింది అదే కదా” అంటుంది అమ్మ.

కంచరపాలెం కామేశు

సరే, కొంచెం దిగుతున్నా. ప్యాకేజీ తర్వాత 2025లో మూడో ఫర్నేసు మళ్లీ వెలిగించారు, అది నిజం. కానీ అదే ఏడాది వేలల్లో కాంట్రాక్టు కార్మికుల్ని తీసేశారు. కూర్మన్నపాలెంలో నేను టీ తాగే బడ్డీ ఆయన ఖాతా పుస్తకం చూపించాడు. పేజీకి ఇరవై పేర్లు. కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న సున్నా. ఏంటన్నా ఇది అంటే, “గేటు పాసు పోయినోళ్లు” అన్నాడు. కొట్టెయ్యలేదు, సున్నా చుట్టాడంతే. మళ్లీ వస్తే చెరిపేద్దామని. 11,440 కోట్ల గురించి మాట్లాడిన నాయకులు ఈ సున్నాల గురించి సభలో ఎంతసేపు మాట్లాడారు?

లెక్కల మాస్టారు

కామేశు గారి సున్నాలు నా లెక్కలన్నిటి కన్నా బరువు. నేను ఒక మెట్టు దిగుతాను. సభలో మాట్లాడటం వృథా అని నేననను. ఏం అడగాలో తెలియకుండా మాట్లాడటం వృథా. అబ్బాయి గారూ, మీరే ఒక ప్రశ్న రాయండి. ఎంపీ ఎవరైనా సరే, రేపు లేచి చదివేలా. ఉపన్యాసం వద్దు.

అగనంపూడి అబ్బాయి

రాశాను, చూడండి:

“(1) విశాఖ ఉక్కు కర్మాగారానికి 17ఎ సెక్షన్ కింద ఇనుప ఖనిజ ప్రాంతం కేటాయించాలన్న అభ్యర్థన ఏదైనా మంత్రిత్వ శాఖ ముందు ఉందా? ఉంటే ఏ తేదీ నుంచి? (2) ఓఎండీసీ గనుల లీజుల ప్రస్తుత పరిస్థితి ఏమిటి, ఇప్పటిదాకా ఈ కర్మాగారానికి వాటి నుంచి ఎన్ని టన్నుల ఖనిజం అందింది? (3) 2025లో తొలగించిన కాంట్రాక్టు కార్మికుల సంఖ్య ఎంత, వారిలో నిర్వాసిత కుటుంబాల వారు ఎందరు?”

ఆదివారం ఎంపీ ఆఫీసులో ఇచ్చి వస్తాను. ఎవరైనా తోడొస్తారా?

సి షిఫ్ట్ రిటైర్డ్

నేనొస్తాను బాబూ. రెండోదాంట్లో “ఎన్ని టన్నుల” తర్వాత “ఏ ఏడాది ఎంత” అని కలుపు. లేకపోతే మొత్తం కలిపి ఒక అంకె పడీసి తప్పించుకుంటారు. నాలుగోది కూడా ఒకటి రాయి: బ్యాటరీల మరమ్మతుకి ఏ ఏటికి ఎంత పెట్టారని.

కంచరపాలెం కామేశు

ఎన్నింటికి? నా బండి ఉంది, మాధవధార దగ్గర ఎక్కించుకుంటా.