నాయన చెయ్యి విలువ 30 శాతమేనా? లోక్ అదాలత్‌లో రాజీ పడాలా, వద్దా?

ఎర్రగుంట్ల బేల్దారి కొడుకు:
మా నాయన బేల్దారి, వయసు 42. పోయినేడు పని ముగించుకుని సైకిల్ మీద వస్తుంటే కారు గుద్దింది. కుడి మోచెయ్యి మడతపడదు, తాపీ పట్టలేడు. సర్టిఫికెట్‌లో 30 శాతం వైకల్యం అని రాశారు. కడప కోర్టులో ఓపీ, అంటే పరిహారం పిటిషన్, వేశాం. ఇన్సూరెన్స్ వాళ్లు లోక్ అదాలత్‌లో 5 లక్షలిస్తాం అంటున్నారు. తీసుకోమని అమ్మ, వద్దని చిన్నాయన. ఇంట్లో ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

సీమ మనిషి:
తీసుకోండి తమ్ముడూ. మా ఊళ్లో ఒకాయన కేసు ఆరేళ్లు నడిచింది. అన్నాళ్లూ ఇల్లు గడిచింది మూడు రూపాయల వడ్డీ అప్పుతో. ఇలాంటి కేసులు చూసే ట్రిబ్యునల్ పరిహారం మీద వేసే వడ్డీ మామూలుగా ఏడాదికి 6 నుంచి 9 శాతం, ఆయన కట్టింది 36. గెలిచిన డబ్బులో సగం అప్పులోళ్లకే పోయింది.

పెన్నా గట్టు:
అన్నా, మీ బాధ నిజమే. కానీ లోక్ అదాలత్‌లో సంతకం పెడితే ఆ అవార్డు, అంటే అక్కడి తీర్పు, మీద అప్పీలు లేదు. అందుకే ముందు లెక్క చూడాలి.

ఆ 30 శాతం చెయ్యి లెక్క, సంపాదన లెక్క కాదు. 2010లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఎడమ చెయ్యి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, ప్రభుత్వ గుమస్తా అయితే ఉద్యోగం నిలుస్తుంది అని ఉదాహరణ కూడా చెప్పింది. బేల్దారికి కుడి చెయ్యి అంటే ఏమిటో వేరే చెప్పాలా?

నెలకు 12,000 అనుకున్నా ఏడాదికి 1,44,000. 40 నుంచి 50 ఏళ్ల లోపు సొంతంగా పని చేసుకునేవాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 25 శాతం కలపాలి, 1,80,000 అవుతుంది. ఏడాది నష్టాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చించాలి, 42 ఏళ్లకు అది 14. మొత్తం 25,20,000. అందులో 30 శాతమే పట్టినా 7,56,000, సంపాదన నష్టం 60 శాతమని తేలితే 15,12,000. మందుల ఖర్చు, మంచాన ఉన్న నెలల కూలి వేరే. 5 లక్షలకు ఎట్లా ఒప్పుకుంటారు?

సీమ మనిషి:
ఆ 12,000కి రుజువేదీ? బేల్దారికి జీతం చీటీ ఎవరిస్తారు?

పెన్నా గట్టు:
పనిచ్చిన మేస్త్రి వచ్చి సాక్ష్యం చెప్పాలి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరును కూడా పిలిపించి, ఈ చెయ్యితో గోడ కట్టగలడా అని కోర్టులోనే అడిగించాలి. చాలా కేసులు ఇక్కడే చెడిపోతున్నాయి.

ఎర్రగుంట్ల బేల్దారి కొడుకు:
మా వకీలు డాక్టరు సంగతే ఎత్తలేదు అన్నా. సోమవారం పోయి అడుగుతా.

సీమ మనిషి:
అడుగు తమ్ముడూ, లెక్క న్యాయంగానే ఉంది. అయినా నా మాట మారదు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్న కార్మికుడికి పనిలో దెబ్బ తగిలితే కోలుకునేదాకా జీతంలో 90 శాతం వస్తుంది. మీ నాయనకు తీర్పు వచ్చేదాకా నెలనెలా ఎవరిస్తారు? ఆ దారి చూసుకున్నాకే 5 లక్షలు వద్దనండి.