"యెహోవాకొరకు నేను కనిపెట్టుకొనుచున్నాను": ఇక్కడ కనిపెట్టడం అంటే ఏమిటి?

ప్రశ్న:
నా స్నేహితురాలి భర్త ఐసీయూలో ఉన్నారు. వాళ్ళు క్రైస్తవులు. ఎలా ఉన్నారని మెసేజ్ పెడితే, "డాక్టర్లు ఇంకా ఏమీ తేల్చలేదు. దేవుని కొరకు కనిపెట్టుకుని ఉన్నాం. 130వ కీర్తన చదువుకుంటున్నాం" అని జవాబిచ్చింది. కనిపెట్టడం అంటే కొత్తదేదో తయారు చెయ్యడమో, దాచినదాన్ని పసిగట్టడమో కదా? దేవుని కొరకు కనిపెట్టడం ఏమిటో అర్థం కాలేదు. ఈ టెన్షన్‌లో ఆమెనే అడగడం బాగుండదు. తెలిసినవాళ్ళు చెప్పగలరా?

మొదటి జవాబు:
ఎదురుచూడటం అని అర్థమండీ. చర్చిలో రోజూ వినే మాటే. పాత అనువాదం కాబట్టి అలా ఉండిపోయింది. ఇప్పుడు ఎవరైనా అనువదిస్తే "ఎదురుచూస్తున్నాను" అని రాస్తే సరిపోతుంది.

రెండో జవాబు:
అర్థం సరిగ్గానే చెప్పారు. కానీ "పాత మాట" అనేసి పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. ఆ మాట ఇంకా బతికే ఉంది. "పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటాం. జ్వరంతో ఉన్న మనిషి పక్కన రాత్రంతా కనిపెట్టుకుని కూర్చుంటాం. అంటే కళ్ళు మూతపడనివ్వకుండా, ఏ చిన్న కదలికా తప్పిపోకుండా చూస్తూ ఉండటం. వట్టి ఎదురుచూపులో ఈ మెలకువ ఉండాలని లేదు. బస్సు కోసం ఎదురుచూస్తూ కునుకు తీయవచ్చు, కునుకు తీస్తూ కనిపెట్టుకుని ఉండలేం.

ఇప్పుడు బైబిల్లోని ఆ కీర్తన చూడండి. "యెహోవా, అగాధస్థలములలోనుండి నేను నీకు మొఱ్ఱపెట్టుచున్నాను" అని మొదలవుతుంది. ఆ అగాధం ఏమిటో, జబ్బో, యుద్ధమో, అవమానమో, కీర్తనకారుడు ఎక్కడా చెప్పడు. అందుకే ఎవరి కష్టంలో వాళ్ళు దీన్ని తమదిగా చదువుకోగలుగుతున్నారు. 6వ వచనంలో అంటాడు: "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది." కావలివారి మాట అక్కడే రెండోసారి కూడా వస్తుంది. కీర్తన మూలభాష హీబ్రూలో ఈ వచనంలో ఎదురుచూచు అనే క్రియే లేదు. "నా ప్రాణం ప్రభువు కోసం, ఉదయం కోసం కాపలా ఉన్నవాళ్ళ కంటె, ఉదయం కోసం కాపలా ఉన్నవాళ్ళు" అని, మాట తెగిపోయినట్టు ఉంటుంది. కాపలా ఉండేవాళ్ళకు అక్కడ వాడిన మాట "షోమ్రీమ్". మన అనువాదకులు ఆ ఖాళీలో కనిపెట్టు అనే క్రియ వేసి, కావలివాడి పనినే ప్రాణానికి అప్పగించారు. ఎదురుచూచు అని వేసుంటే కాపలా సంగతి సగం పోయేది.

కావలివాడు తెల్లవారేలా చేయలేడు, రాత్రిని ఒక్క గడియ కూడా తగ్గించలేడు. చీకటి లేదని తనకు తాను నచ్చజెప్పుకోడు కూడా. తెల్లవారుతుందన్న సంగతిలో మాత్రం అతనికి అనుమానం లేదు. బైబిల్లో నిరీక్షణ (ఆశతో ఎదురుచూడటం) అనేది చాలాచోట్ల ఇలాగే ఉంటుంది, "అంతా మంచే జరుగుతుందిలే" అనే ఓదార్పులా కాదు. మీ స్నేహితురాలు "తగ్గిపోతుందని నమ్ముతున్నాం" అనలేదు, గమనించారా? డాక్టర్లు ఏమీ తేల్చలేదన్న నిజాన్ని ఒక వాక్యంలో చెప్పి, కనిపెట్టుకుని ఉన్నామన్నది ఆ పక్కనే పెట్టింది.

ఇంకొకటి. కనిపెట్టు అనే మాట ఈ కీర్తనలో అంతకు ముందే, 3వ వచనంలో ఒకసారి వచ్చింది: "యెహోవా, నీవు దోషములను కనిపెట్టి చూచినయెడల ప్రభువా, ఎవడు నిలువగలడు?" హీబ్రూలో కూడా రెండు చోట్లా ధాతువు ఒకటే, "షామర్". ఇక్కడ తెలుగు, హీబ్రూ ఎంత బాగా కలిశాయో! దేవుడు మన తప్పులకు కాపలా కాస్తూ కూర్చోడు, కాబట్టే మనం ఆయన కోసం కాపలా ఉండగలం అన్న వరస ఈ ఒక్క మాట మీద నడుస్తోంది.

మూడో జవాబు:
భాష సంగతి బాగుంది గానీ, నాకు ఒక అభ్యంతరం ఉందండీ. దోషాల ప్రస్తావన ఉన్న కీర్తనను ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళు చదవడం పుండు మీద కారం చల్లుకోవడం కాదా? అసలే మనవాళ్ళకు కష్టం రాగానే "ఏ జన్మలో ఏ పాపం చేశానో" అనడం అలవాటు.

రెండో జవాబు రాసినవారు:
మంచి ప్రశ్న. కానీ ఆ వచనం పనిచేసేది సరిగ్గా దానికి వ్యతిరేకంగా. కష్టంలో ఉన్న మనిషి రాత్రిళ్ళు చేసే పని ఆ లెక్కే కదా: అప్పుడు ఆ మాట అనకుండా ఉండాల్సింది, ముందే టెస్టులు చేయించాల్సింది, ఇది నా తప్పుకే శిక్ష. ఆ లెక్కల పుస్తకం దేవుడు తెరవడంలేదని చెప్పి, తర్వాతి వచనంలోనే "నీయొద్ద క్షమాపణ దొరుకును" అంటాడు. కష్టానికి పాపమే కారణమని ఈ కీర్తన ఎక్కడా అనదు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని అడిగితే, వీడూ చేయలేదు, వీని కన్నవారూ చేయలేదని యేసు ఆ ప్రశ్ననే కొట్టేశాడు. రోగి మంచం దగ్గరికి వెళ్ళి పాపాల సంగతి ఎత్తే బంధువులకు నేనైతే ఈ అధ్యాయమే చూపిస్తాను.

అన్నట్టు, కీర్తన ముగిసేసరికి తెల్లవారదు. అగాధంలోంచి బయటపడ్డానని కూడా చెప్పడు. అక్కడి నుంచే పక్కవాళ్ళ వైపు తిరిగి, మీరూ యెహోవా మీద ఆశపెట్టుకోండి అంటాడు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్సండీ. నేను క్రైస్తవురాలిని కాదు. ఆమెకు తిరిగి ఏం రాయాలి? "దేవుడున్నాడు, ధైర్యంగా ఉండు" అంటే నా నోటికే అతికించినట్టు అనిపిస్తోంది.

మొదటి జవాబు రాసినవారు:
మా ఇంట్లో అలాంటి రోజులు గడిచాయి కాబట్టి చెబుతున్నాను. "అంతా దేవుని చిత్తం" అని మాత్రం రాయకండి. ఆ మాట ఆమె అనుకుంటే నిబ్బరం, బయటివాళ్ళు అంటే దెబ్బ. ఆ కీర్తన చదివానని రాయండి, చాలు. చేతనైతే ఒక రాత్రి ఆస్పత్రిలో మీరు కూర్చుని ఆమెను నిద్రపొమ్మనండి. కీర్తనలో "కావలివారు" అని బహువచనమే ఉంది. కాపలా వంతులవారీగా ఉండేదే.

ప్రశ్న అడిగినవారు:
శనివారం రాత్రి నేను ఉంటానని రాశాను, సరేనంది. ఒక చిన్న సందేహం మిగిలింది: మొఱ్ఱపెట్టు, కనిపెట్టు, ఆశపెట్టుకొను, మూడూ ఈ కీర్తనలోనే ఉన్నాయి. మూడింటిలో ఉన్నది ఒకే "పెట్టు"నా?

రెండో జవాబు రాసినవారు:
క్రియ ఒకటేనండీ, కూర్పు వేరు. మొఱ్ఱ, ఆశ నామవాచకాలు, వాటికి పెట్టు చేరింది. కనిపెట్టులో "కను" అంటే చూచు, దాని క్త్వార్థకం ("చూసి", "వచ్చి" లాంటి రూపం) "కని" మీద పెట్టు చేరింది. కనుగొనులోని "కను" కూడా అదే. "కొను" చేరిన కనిపెట్టుకొను, చేరని కనిపెట్టు ఈ కీర్తన 5, 6 వచనాల్లో ఒకే అర్థంలో వచ్చాయి. ఇప్పటి వాడుకలో మాత్రం రెండూ విడిపోయాయి, మీకు మొదట తికమక వచ్చింది అందుకే.