విడుదల కాని ఓఎస్ పరీక్షించమని పిలిచారు: ఒప్పుకోవాలా? షాపు సిస్టమ్‌లో వేయొచ్చా?

బాలాజీ కాలనీ డీటీపీ:
అందరికీ నమస్తే. తిరుపతిలో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు మా పని. ఒక పెద్ద కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వాళ్ల కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఇంకా విడుదల కాలేదు, ముందుగా వాడి చూసి లోపాలు చెప్పమంటున్నారు. తెలుగు టైపింగ్‌లో వచ్చే ఇబ్బందుల గురించి ఇదివరకు వాళ్లకు రాసేవాణ్ని, అందుకే నా పేరు తీసుకున్నట్టున్నారు. డబ్బు ఇవ్వరు. బయట మాట్లాడకూడదనే షరతు కూడా పెట్టలేదు.

షాపులో రెండే సిస్టమ్‌లున్నాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఖాళీ ఉండవు. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, ఇప్పుడు ఈ ప్రయోగాలు ఎందుకని ఇంట్లో అంటున్నారు. నాకైతే ఒప్పుకోవాలనే ఉంది. తెలుగు రాసేవాళ్ల కష్టం ఆ తయారుచేసేవాళ్ల దాకా చేరే దారి మనకు ఎప్పుడో గాని దొరకదు. రోజూ చేసే పనిలో వాడితేనే అసలు లోపాలు బయటపడతాయి కాబట్టి షాపు సిస్టమ్‌లోనే వేయాలని నా ఆలోచన. మీరేమంటారు?

చిత్తూరు సర్వీస్ సెంటర్:
అన్నా, షాపు సిస్టమ్‌లో మాత్రం వేయకండి. నేను కంప్యూటర్లు రిపేరు చేసేవాణ్ని. డేటా పోగొట్టుకుని వచ్చేవాళ్ల టెన్షన్ రోజూ చూస్తుంటాను.

విడుదలైనవే ఒక్కోసారి కొంప ముంచుతాయి. 2018 అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఒక పెద్ద అప్‌డేట్ ఇచ్చింది, 1809 అంటారు దాన్ని. నాలుగు రోజులకే ఆపేయాల్సి వచ్చింది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కి మార్చుకున్నవాళ్లకు, పాత చోట మిగిలి ఉన్న ఫైళ్లను అది చెరిపేసింది. సీ డ్రైవ్ నిండిపోతోందని డాక్యుమెంట్స్‌ని డీ డ్రైవ్‌కి మార్చుకోని డీటీపీ షాపు మన జిల్లాల్లో ఎక్కడుంది చెప్పండి? ఫైళ్లు పోయాయన్న ఫిర్యాదు పదివేల ఇన్‌స్టలేషన్లలో ఒకదానికే వచ్చిందని కంపెనీ లెక్క చెప్పింది. ఆ ఒక్కరి ఇంట్లో పిల్లల ఫోటోలు పోతే ఈ లెక్క ఏం ఓదారుస్తుంది? సరిచేసి మళ్లీ ఇచ్చేసరికి నవంబర్ 13 అయింది.

ఇంకోటి, ఎక్కించాక వెనక్కి రావడం తేలిక కాదు. విండోస్‌లో ఇంకా తయారవుతున్న కాపీలు ఇచ్చే డెవ్ ఛానెల్‌కి వెళ్లినవాళ్లు మామూలు విండోస్‌కి రావాలంటే డిస్క్ మొత్తం చెరిపి కొత్తగా వేసుకోవాల్సి రావచ్చు. ఈ కాపీలకు గడువు కూడా ఉంటుంది. ఆపిల్ 2000 సెప్టెంబర్‌లో మ్యాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటాను, అంటే విడుదలకు ముందు జనానికిచ్చే పరీక్ష కాపీని, 29.95 డాలర్లకు అమ్మింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు కూడా 2001 మే 14తో దాని గడువు తీరిపోయింది. ముహూర్తాల మధ్యలో మీకు అలాంటి రోజు వస్తే?

ఎస్వీయూ ఎంసీఏ:
సర్వీస్ సెంటర్ అన్న 1809 కథలో ముఖ్యమైన భాగం చెప్పలేదు. ఫైళ్లు పోతున్నాయని కొందరు టెస్టర్లు విడుదలకు ముందే రాశారు. టెస్టర్లు లోపాలు రాసే ఫీడ్‌బ్యాక్ హబ్ యాప్‌లో ఆ ఫిర్యాదుకు ఓట్లు తక్కువ పడ్డాయి, గుంపులో మరుగున పడిపోయింది. లోపం ఎంత తీవ్రమైందో టెస్టరే గుర్తు పెట్టే వీలు ఆ తర్వాత కల్పించారు. ఆ రాసినవాళ్లకు తోడు ఇంకొంతమంది ఉండి ఉంటే అప్‌డేట్ అప్పుడే ఆగేదని నా నమ్మకం. కాబట్టి టెస్టింగ్‌కి వెళ్లొద్దని చెప్పడానికి ఆ ఉదాహరణ పనికిరాదు.

తెలుగు సంగతికొస్తే ఇది ఇంకా ముఖ్యం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఐఫోన్లను పడేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐఓఎస్ 11.2.5లో జకారం, ఞ వత్తు, దీర్ఘం వచ్చే చోట కంటికి కనబడని యూనికోడ్ సంకేతం (యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి సంకేతాల పద్ధతి) ఒకటి చేరితే, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ హోమ్ స్క్రీనే కుప్పకూలేది. ఆకతాయిలు కావాలని ఆ అక్షరాన్ని జనాలకు పంపారు. ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి సరిచేశారు. ‘జ్ఞానం’, ‘విజ్ఞానం’, ‘ఆజ్ఞ’ మనం రోజూ రాసే మాటలు. కోట్లమంది మాట్లాడే భాషలోని అక్షరం అంత పెద్ద కంపెనీ పరీక్షలన్నీ దాటుకుని జనం చేతుల్లోకి వెళ్లాక పేలింది. విడుదలకు ముందు తెలుగులో నాలుగు రకాలుగా టైప్ చేసి చూసేవాళ్లు తగినంత మంది లేరనే కదా దానర్థం?

అన్నా, మీరు ఒప్పుకోండి. గుంత ఉందని రోడ్డు వేస్తున్నప్పుడే చెప్పాలి.

తిరుచానూరు రోడ్:
ముందు ఆ మెయిల్ నిజమైనదేనా చూసుకున్నారా? 2022 మొదట్లో విండోస్ 11 అప్‌గ్రేడ్ పేరుతో నకిలీ సైట్ పెట్టి, రెడ్‌లైన్ అనే పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్‌ని జనాల మీదికి వదిలారు. మెయిల్‌లో ఉన్న లింక్ నొక్కకండి. కంపెనీ సైట్‌కి మీరే వెళ్లి, మీ అకౌంట్‌తో లాగిన్ అయి, అక్కడ ఆహ్వానం కనబడితేనే నమ్మండి.

బాలాజీ కాలనీ డీటీపీ:
చూశాను. లింక్ ముట్టుకోలేదు, సైట్‌లో లాగిన్ అయితే అక్కడ కూడా కనబడింది. నిజమైనదే.

రేణిగుంట టెస్టర్:
నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, చెన్నైలో చేసి ఇప్పుడు ఇంటి నుంచి చేస్తున్నాను. డీటీపీ అన్న మంచి మనసుతో అడుగుతున్నారు, కానీ ఒక మాట ఎవరూ అనడం లేదు. ఇది పని. దీనికి జీతం ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ 2014 జులైలో 18,000 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. అందులో ఎక్కువ భాగం నోకియా నుంచి వచ్చినవాళ్లవి, నిజమే. కానీ అదే సమయంలో టెస్టింగ్ కోసమే ఉండే ఉద్యోగాలను కూడా తగ్గించుకుంటూ వచ్చింది. సెప్టెంబర్ 30న విండోస్ ఇన్‌సైడర్ ప్రోగ్రామ్ ప్రకటించి, ఎవరైనా వచ్చి పరీక్షించవచ్చంది. లక్షలమంది వెళ్లారు. ఒక వాక్యం సరిగా విరగడం లేదని కనిపెట్టి, ఏ మెట్టులో తప్పిందో మళ్లీ చేసి చూసి, స్క్రీన్‌షాట్ తీసి, అర్థమయ్యేలా రాయడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లో అన్న ఎన్ని పత్రికలు కంపోజ్ చేస్తారు? తెలుగు మీద ప్రేమ ఉంది కదా అని ఊరికే చేయించుకుంటే, తెలుగు తెలిసిన టెస్టర్‌ని జీతానికి పెట్టుకోవాల్సిన అవసరం ఆ కంపెనీకి ఎప్పటికీ రాదు. ఎస్వీయూ చెల్లెమ్మా, రేపు నువ్వు ఎంసీఏ పూర్తి చేసి వెతుక్కునేది ఆ ఉద్యోగమే.

ఎస్వీయూ ఎంసీఏ:
అన్నా, ఆ ఉద్యోగం కావాలని నాకూ ఉంది. కానీ వాళ్లు పెట్టుకునే దాకా మన అక్షరాలు విరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవాలా? మా నానమ్మ ఫోన్‌లో తెలుగు సరిగా కనబడకపోతే కంపెనీ నష్టపోదు. నానమ్మ చదవడం మానేస్తుంది.

గ్రీమ్స్‌పేట టీచర్:
నేను చిత్తూరులో టీచర్ని. ఇంట్లో, బడిలో చాలా ఏళ్లుగా లైనక్స్ వాడుతున్నాను. అది ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల ఓఎస్, డెబియన్, ఉబుంటు అందులో రకాలు. ఊరికే చేసేటట్టయితే అందరి సొత్తు అయిన దానికి చేయండి బాబూ. డెబియన్‌లో లోపం రాస్తే దానికి నంబర్ ఇస్తారు, ఎవరైనా చూడవచ్చు, ఎవరు సరిచేశారో, ఎందుకు ఆలస్యమైందో అన్నీ బయటే ఉంటాయి. ఉబుంటు కూడా విడుదలకు కొన్ని వారాల ముందు బీటా ఇస్తుంది, దానికి పిలుపు అక్కర్లేదు. తెలుగులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు చేసిన పని కూడా ఇలా జనం కలిసి చేసిందే. రేణిగుంట తమ్ముడి బాధ నాకు అర్థమవుతోంది. మన శ్రమ ఒక కంపెనీ లాభంలోకి పోతే బాధే, అందరి చేతికీ తిరిగి వస్తే బాధ ఉండదు.

చిత్తూరు సర్వీస్ సెంటర్:
మేడమ్, మీ మాట మీద గౌరవం ఉంది, కానీ లైనక్స్ టెస్టింగ్‌లో ప్రమాదం లేదనుకోకండి. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ ప్రోగ్రామ్‌లో ఎవరో కావాలని దొంగదారి పెట్టారని బయటపడింది. డెబియన్ స్టేబుల్, అంటే పరీక్షలు పూర్తయి విడుదలైనది, వాడేవాళ్లకు ఏమీ కాలేదు. అది చేరింది డెబియన్ టెస్టింగ్‌లోకి, అన్‌స్టేబుల్‌లోకి, ఫెడోరా అనే ఇంకో లైనక్స్‌లో ఇంకా తయారవుతున్న వాటిలోకి. ముందుగా వాడి చూద్దామని వెళ్లినవాళ్ల సిస్టమ్‌లకే ముప్పు వచ్చింది. ఉబుంటు 24.04 బీటాని కూడా దానివల్లే వారం వెనక్కి జరిపారు.

గ్రీమ్స్‌పేట టీచర్:
నిజమే నాయనా, కాదనను. కానీ దాన్ని పట్టుకున్నది ఎవరు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. డెబియన్ అన్‌స్టేబుల్‌లో లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని గమనించి, ఎందుకో తేల్చేదాకా వదల్లేదు. ఆయన అర సెకనే కదా అని ఊరుకుని ఉంటే అది స్టేబుల్‌లోకి, అక్కణ్ణుంచి ప్రపంచంలోని సర్వర్లలోకి వెళ్లేది. ముందుగా వాడేవాళ్లు ఉండాలి. వాళ్లు తమ బతుకుతెరువును దాని మీద పెట్టకుండా ఉండాలి.

చిత్తూరు సర్వీస్ సెంటర్:
ఆ రెండో మాటే నేను మొదటి నుంచీ చెబుతున్నది మేడమ్. అన్నా, మీ సిస్టమ్‌లో ఉన్నవన్నీ మీవి కావు, అది కూడా ఆలోచించండి. జిరాక్స్ షాపు అంటే ఆధార్ స్కాన్లు, పాన్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు, పిల్లల మార్కుల మెమోలు. విండోస్ ఇన్‌సైడర్‌లో చేరాలంటే ఆప్షనల్ డయాగ్నస్టిక్ డేటా (సిస్టమ్ ఎలా నడుస్తోందో తెలిపే అదనపు సమాచారం) పంపడానికి ఒప్పుకోవాలి. ఏదైనా క్రాష్ అయినప్పుడు, ఆ సమయంలో తెరిచి ఉన్న ఫైల్‌లోని భాగాలు కూడా అనుకోకుండా అందులో వెళ్లవచ్చని మైక్రోసాఫ్టే రాసుకుంది. మిమ్మల్ని పిలిచిన కంపెనీ షరతులు ఏమిటో చదవండి. మీ ఫైళ్ల మీద నిర్ణయం మీ ఇష్టం. అప్లికేషన్ పెట్టించుకోవడానికి వచ్చిన పెద్దాయన ఆధార్ మీద ఆ నిర్ణయం మీరు తీసుకోకూడదు.

బాలాజీ కాలనీ డీటీపీ:
ఈ మాట నాకు తట్టలేదు. కస్టమర్ల కాగితాలున్న సిస్టమ్‌లో వేయకూడదు, ఒప్పుకుంటున్నాను. మరి పని కోసం వాడకుండా ఊరికే ఎక్కించుకుంటే లోపాలు ఎలా దొరుకుతాయి? మా పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు. అవి కొత్త ఓఎస్‌లో నడుస్తాయో లేదో చూడటమే నాకు ముఖ్యం అనుకున్నాను.

ఎస్వీయూ ఎంసీఏ:
అన్నా, ఇక్కడ ఒక చిక్కుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన సంకేతాల చోట్లలో తెలుగు ముక్కలు పెట్టి, వాటిని పక్కపక్కన పేర్చుతాయి. వత్తు ఎక్కడ కూర్చోవాలి, గుడి ఎక్కడ పడాలి అనే పని ఓఎస్ దాకా వెళ్లదు. మీరు అనులో వెయ్యి పత్రికలు చేసినా ఓఎస్ తెలుగును ఎలా చూపిస్తోందో ఒక్క ముక్క కూడా తెలియదు. అను తెరుచుకుంటుందా, కీబోర్డు మారుతుందా, ప్రింట్ సరిగా వస్తుందా అన్నది వేరే పరీక్ష. అదీ చేయండి, మీ షాపుకి అవసరం.

తెలుగు కోసం చేసేది యూనికోడ్‌లో చేయాలి. మన పత్రికల్లో ఉండే మాటలే తీసుకోండి: శ్రీ వేంకటేశ్వరస్వామి, లక్ష్మీ, జ్యేష్ఠ, స్త్రీ, ద్వాదశి, ఉత్తరాభాద్ర. టైప్ చేసి, మధ్యలో కర్సర్ పెట్టి, బ్యాక్‌స్పేస్ కొడితే ఏం పోతోందో చూడండి. వత్తు పోతుందా, అక్షరం మొత్తం పోతుందా? పంక్తి చివర మాట విరిగేటప్పుడు వత్తు విడిపోయి కింది లైన్లో పడుతుందా? పీడీఎఫ్ చేసి అందులోంచి కాపీ చేస్తే అదే తెలుగు వస్తుందా, గజిబిజి వస్తుందా? పోతన, వేమన ఫాంట్లతో ఒకసారి, ఓఎస్‌తో వచ్చిన ఫాంట్‌తో ఒకసారి చూడండి. ఇవన్నీ కల్పిత పేర్లతో చేయొచ్చు, ఎవరి ఆధారూ అక్కర్లేదు. ఈ మాటలు ఏ దేశంలో కూర్చున్న టెస్టర్‌కీ తట్టవు. పెళ్లి పత్రికలు చేసే మీకు తడతాయి.

చిత్తూరు సర్వీస్ సెంటర్:
అలాగైతే నా అభ్యంతరం చాలావరకు పోయింది. విడిగా ఒక చిన్న ఎస్ఎస్‌డీ కొనండి. షాపు మూసే ముందు ఇప్పుడున్న డిస్క్ కేబుల్ తీసేసి, కొత్తది పెట్టి దాని మీదే ఎక్కించండి. రెండూ కలిపి ఉంచి డ్యూయల్ బూట్ (ఒకే సిస్టమ్‌లో రెండు ఓఎస్‌లు) జోలికి పోకండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే కేబుల్ తీసే ముందే రికవరీ కీ ప్రింట్ తీసి దాచుకోండి, బూట్‌లో చిన్న మార్పు జరిగినా అది కీ అడుగుతుంది. ఉన్న ఓఎస్ లోపలే ఇంకో ఓఎస్ నడిపే వర్చువల్‌బాక్స్‌లో వేసినా తెలుగు చూడటానికి సరిపోతుంది గానీ, ప్రింటర్ డ్రైవర్ సంగతి అందులో తేలదు. బ్యాకప్ వేరే హార్డ్ డిస్క్‌లో ఉండాలి, అది సిస్టమ్‌కి తగిలించి ఉండకూడదు.

రేణిగుంట టెస్టర్:
నా అభ్యంతరం అలాగే ఉంది. డిస్క్ ఖర్చు అన్నది, సమయం అన్నది, నైపుణ్యం అన్నది. వాళ్లు పెట్టింది ఒక మెయిల్. అయినా అన్న చేస్తాననుకుంటే అడ్డుపడను. రాసేటప్పుడు మాత్రం ‘తెలుగు సరిగా రావడం లేదు’ అని రాయొద్దు, అలాంటి వాటిని ఎవరూ తెరిచి చూడరు. ఏ బిల్డ్ (ఓఎస్ కాపీ నంబర్), ఏ ఫాంట్, ఏ యాప్, ఏ కీలు ఏ వరుసలో నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది. ఒక లోపానికి ఒక రిపోర్ట్. తెలుగు చదవలేనివాడు కూడా రెండు బొమ్మలు పక్కపక్కన చూసి తేడా పట్టుకోగలగాలి. ఇంకో విషయం, చేరకముందే వాళ్లను అడగండి: నేను రాసిన దానికి నంబర్ ఇస్తారా, అది ఏమైందో నాకు చెబుతారా అని. చెప్పబోమని అంటే మానేయండి.

గ్రీమ్స్‌పేట టీచర్:
ఆ రిపోర్టులు తెలుగులో కూడా ఒక కాపీ దాచండి బాబూ. అవే మాటలతో నేను ఇక్కడ ఉబుంటులో చూస్తాను. తేడా ఉంటే వాళ్లకూ రాస్తాను.

బాలాజీ కాలనీ డీటీపీ:
సరే మేడమ్, తప్పకుండా. రేణిగుంట తమ్ముడు చెప్పిన రెండు ప్రశ్నలూ ఈ రాత్రే మెయిల్ పెడుతున్నాను. వాళ్ల జవాబు చూశాకే డిస్క్ కొంటాను. ఎస్వీయూ చెల్లెలు ఇచ్చిన మాటలకు ఇంకా కలపాల్సినవి ఉంటే ఎవరైనా ఇక్కడ రాయండి. వత్తు కింద వత్తు వచ్చేవి, పాత శుభలేఖల్లో కనబడేవి అయితే మరీ మంచిది.