హాప్స్ ప్యాకెట్‌లో తాడు పీచు, ఇనుప తీగ ముక్క: పారేయాలా, ఏరి వాడాలా?

కొత్తనురగ:
ఇంట్లో 23 లీటర్ల పేల్ ఏల్ బీర్ పెట్టాను. బీర్‌కి చేదు, వాసన ఇచ్చే హాప్ పూల 100 గ్రాముల ప్యాకెట్‌లో 30 గ్రాములు 60 నిమిషాల మరుగులో పడిపోయాయి. ఫర్మెంటేషన్ దాదాపు అయిపోయింది. డ్రై హాప్‌కి (అంటే మరిగించకుండా బీర్‌లోనే హాప్స్ నానబెట్టడానికి) మిగతా 70 గ్రాములు తూకం వేస్తుంటే పళ్లెంలో ఇవి కనిపించాయి:

– 4 సెం.మీ. గోధుమరంగు తాడు ముక్క, పీచుపీచుగా ఉంది
– 1.5 సెం.మీ. పొడవు, 1 మి.మీ. మందం ఉన్న ఇనుప తీగ ముక్క, ఒక కొస తుప్పు పట్టింది
– 2, 3 మి.మీ. గుండ్రటి గట్టి గింజలు ఓ పది
– ఎండిపోయిన చిన్న చిన్న పురుగులు, ఆకు తుంపులు

ఇంకో రకం హాప్స్ పెల్లెట్లు (పూలని పొడి చేసి నొక్కిన గుళికలు) కూడా ఉన్నాయి. అందులో ఒకటి విరిస్తే సన్నటి నీలం పోగు బయటపడింది. మిగిలిన పూలు వాడొచ్చా? మరుగులో పడిన 30 గ్రాముల్లో కూడా తీగ ఉండి ఉంటే ఆ బీర్ సంగతేంటి? పెల్లెట్లని లోపల ఏముందో చూడకుండా ఎలా నమ్మాలి?

పందిరితీగ:
మీ జాబితాలో సగం తోటలోంచి వచ్చినవే. హాప్ మొక్క ఐదు నుంచి ఏడు మీటర్ల ఎత్తు పందిరి మీదికి పాకుతుంది. పాకడానికి పైనుంచి కిందికి కొబ్బరి పీచు తాడో, సన్నటి ఇనుప తీగో కడతారు. అమెరికా తోటల్లో ఎక్కువగా పీచు తాడు, జర్మనీలో ఎక్కువగా తీగ. కోతప్పుడు మొక్కను ఆ తాడుతో సహా నరికి మెషిన్‌లోకి ఎక్కిస్తారు. మెషిన్‌లో వాలు బెల్టులు ఉంటాయి. పూలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి కిందికి దొర్లుతాయి, ఆకులు బెల్టుకి అతుక్కుని పైకి పోతాయి. పువ్వుకి చుట్టుకున్న తాడు ముక్క మాత్రం పువ్వుతోపాటే దొర్లి వచ్చేస్తుంది. తీగ ముక్కల కోసం అయస్కాంతాలు పెడతారు, అయినా ఒకటీ అరా తప్పించుకుంటాయి.

గింజలు హాప్ విత్తనాలే. తోట దగ్గర్లో మగ మొక్క ఉంటే పూలు గింజ కడతాయి. హాని లేదు, కాకపోతే మీరు కొన్న బరువులో వాటి వల్ల చేదు రాదు, వాసన రాదు. పురుగులు చాలావరకు పేనుబంక జాతివి. నాలుగైదు ఉంటే పట్టించుకోకండి. పూరేకుల మీద నల్లటి మసిలాంటి పొర ఉంటే మాత్రం పేనుబంక తేనె మీద బూజు పట్టిందన్నమాట. ఆ పూలు డ్రై హాప్‌కి వద్దు.

ఇంకో మాట. పువ్వు మధ్యలో వంకరటింకరగా ఉండే సన్నటి కాడని చూసి చాలామంది తాడనుకుంటారు. గోటితో చీల్చి చూడండి: కాడ పుటుక్కున విరుగుతుంది, పీచు తాడు పోగులుగా విడిపోతుంది.

రాగికెటిల్:
అసలు సమస్య తీగ ఒక్కటే. లెక్క చూడండి. 1 మి.మీ. మందం, 15 మి.మీ. పొడవున్న ఇనుము సుమారు 90 మి.గ్రా. అంతా కరిగితే 23 లీటర్లలో లీటరుకి 4 మి.గ్రా. దగ్గరికి వస్తుంది. బీర్‌లో ఇనుము లీటరుకి 0.1 మి.గ్రా. దాటకుండా చూసుకోవడం మంచిది, అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు కరిగినా హద్దు మీదికి వచ్చినట్టే. లీటరుకి సుమారు 1 మి.గ్రా. ఉంటే నోటికి రక్తం రుచి తెలుస్తుంది. అంతకు తక్కువలో రుచి తెలియదు గానీ ఇనుము ఆక్సిజన్‌ని రెచ్చగొడుతుంది, బీర్ తొందరగా పాతబడి తడి అట్ట వాసన కొడుతుంది.

మరుగులో పడి ఉంటే నేను పెద్దగా భయపడను. గంటసేపే ఉంటుంది, కరిగినదాంట్లో కొంత కెటిల్ (మరిగించే పాత్ర) అడుగు మడ్డితోనూ, తర్వాత ఈస్ట్‌తోనూ దిగిపోతుంది. డ్రై హాప్ అలా కాదు. 4.2 నుంచి 4.5 పీహెచ్ ఉన్న బీర్‌లో తీగ మూడు నాలుగు రోజులు నానుతుంది, కరిగిన ఇనుమంతా మీ గ్లాసులోకే వస్తుంది.

ఇప్పుడున్న బీర్‌కి పరీక్ష: ఒక చుక్క ముంజేతి వెనక్కి రాసి, ఆరేలోపు వాసన చూడండి. ఇనుము ఉంటే చర్మం మీది నూనెతో కలిసి పాత నాణెం పట్టుకున్న చేతి వాసన వస్తుంది. పక్కనే మంచి బీర్ చుక్క కూడా రాసి పోల్చండి, లేకపోతే లేని వాసన కూడా ఉన్నట్టే అనిపిస్తుంది.

కొత్తనురగ:
చేతికి రాసి చూశాను, తేడా లేదు. మరి మిగిలిన పూలు ఏరడం ఎలా? పెల్లెట్లు పొడి చేసి నొక్కినవి కాబట్టి శుభ్రంగానే ఉంటాయని ఒకరన్నారు, ఆ నీలం పోగు చూశాక నమ్మబుద్ధి కావట్లేదు.

మడ్డివడపోత:
పెల్లెట్లు శుభ్రం అనేది సగం నిజం. మిల్లుకి ముందు అయస్కాంతం ఉంటుంది, ఇనుము పట్టుబడుతుంది. ప్లాస్టిక్ తాడుని అయస్కాంతం పట్టదు. సుత్తుల మిల్లు దాన్ని తుంపులు చేసి పొడిలో కలిపేస్తుంది, ఆపైన 6 మి.మీ. అచ్చులోంచి నొక్కుతారు. పూలల్లో కంటికి దొరికే ముక్క పెల్లెట్లలో వంద పోగులై దాక్కుంటుంది.

పూలకి: తెల్లటి పళ్లెం, పక్కనుంచి పడే గట్టి వెలుతురు. పైనుంచి లైటు పెడితే నీడలు పడవు, తీగ కనబడదు. ఒక్కో విడతకి 20 గ్రాములు, ఒకే పొరగా పరచండి. ప్రతి పువ్వునీ రెండుగా చీల్చండి, తీగ రేకుల మధ్యే ఇరుక్కుంటుంది. తర్వాత బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని జిప్ కవర్లో వేసి, పూలని తాకుతూ రెండు దిక్కులా నడపండి. ఏదైనా అంటితే కవర్‌ని లోపలిది బయటికి తిప్పి తీయడం తేలిక. అల్యూమినియం, రాగి, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అయస్కాంతానికి దాదాపు అంటవు, కాబట్టి అయస్కాంతం తిప్పాను కదా అని కళ్లు మూసుకోకండి. ఈ పనంతా వీలైనంత త్వరగా ముగించి, మిగిలినవి గాలి తీసి సీల్ చేసి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టండి. బయట వదిలేస్తే వాసన పోతుంది, జున్ను కంపు మొదలవుతుంది.

పెల్లెట్లకి నమూనా పరీక్షే దారి. 10 గ్రాములు 250 మి.లీ. నీళ్లలో, 60–70 డిగ్రీల వేడిలో పది నిమిషాలు నాననిస్తే పూర్తిగా విచ్చుకుంటాయి. గాజు గ్లాసులో గాలించండి: పైనున్న ముద్దని మెల్లగా వంచేస్తూ మూడుసార్లు కొత్త నీళ్లు పోస్తే రాయి, లోహం అడుగున మిగులుతాయి. పాలీప్రొపిలీన్ పోగులు నీటికన్నా తేలిక, పైకి తేలతాయి. కాబట్టి వంచిన నీళ్లు పారబోయకుండా 1 మి.మీ. జల్లెడలో పట్టి, జల్లెడని కొళాయి కింద కడిగి చూడండి.

నీలం పోగుని పట్టకారుతో పట్టుకుని నిప్పుకి చూపించండి. కరిగి పూసలా ముడుచుకుని కొవ్వొత్తి వాసన వస్తే ప్లాస్టిక్. కాగితంలా మండి బూడిదైతే పీచు. 10 గ్రాముల్లో ఇంకో రెండు మూడు పోగులు దొరికితే ఆ ప్యాకెట్ డ్రై హాప్‌కి వేయొద్దు. మరుగులో వేసినా పోగు కరగదు, కెటిల్ కొళాయి బాల్ వాల్వ్‌లోనో, మరిగినదాన్ని చల్లార్చే ప్లేట్ చిల్లర్‌లోనో ఇరుక్కుంటుంది. ప్లేట్ చిల్లర్ సందుల్లో చిక్కిన పోగుని లాగడం ఎంత నరకమో చెప్పక్కర్లేదు.

రాగికెటిల్:
పైదానికి ఒకటి కలుపుతాను. డ్రై హాప్‌ని 300–400 మైక్రాన్ల మెష్ గొట్టంలో వేయండి, సగానికి మించి నింపొద్దు, తడిస్తే ఉబ్బుతాయి. అంతకన్నా సన్నటి మెష్ లూపులిన్ (హాప్ పూలలోని పసుపు పొడి) జిగురుకి మూసుకుపోతుంది. మెష్ తాడుని, ప్లాస్టిక్‌ని ఆపుతుంది. తీగని కూడా ఆపుతుంది, కాకపోతే కరిగిన ఇనుముని ఆపదు. ఏరడానికి బదులు మెష్ చాలులే అనుకోవద్దు.

పందిరితీగ:
గాజు పెంకు గానీ, ఏంటో తెలియని గట్టి ముక్క గానీ కనిపిస్తే ఈ ఏరుడంతా మానేయండి. ఒక పెంకు దొరికిందంటే కంటికి కనబడనివి ఇంకా ఉన్నట్టే, ప్యాకెట్ మొత్తం చెత్తలోకి. ఇప్పటికే డ్రై హాప్ అయిన బీర్ కూడా పారబోయాల్సిందే.

మీ విషయంలో తీగ, తాడు పారేయకుండా చిన్న కవర్లో వేసి, ప్యాకెట్ మీదున్న లాట్ నంబర్, పంట సంవత్సరం కనిపించేలా స్కేల్ పక్కన పెట్టి ఫొటో తీయండి. అమ్మినవాళ్లకి పంపేటప్పుడు ముక్క పొడవు, బరువు, ఎన్ని గ్రాములు విప్పితే దొరికిందో రాయండి. లాట్ నంబర్ లేకపోతే వాళ్లు మిగతా ప్యాకెట్లు వెనక్కి పిలవలేరు. పంపమని అడిగినా ముక్కని మొత్తం ఇచ్చేయకండి, తాడులో సగం మీ దగ్గరే ఉంచుకోండి.